మామ సంగతి పిల్లలకు చెప్పాక

మా ఇంట్లో చావు కబురు ఎప్పుడూ సగమే చెప్తారు. మా అన్న పోయినప్పుడు దూరపు చుట్టాలకు చెప్పింది గుండెపోటనే. అమెరికాలో పుట్టిన నా పిల్లలకూ అదే చేరింది.

పోయినేడు టెక్సాస్‌లో డాలస్ నుంచి లబ్బక్ వెళ్తుంటే రోడ్డుకు రెండువైపులా పత్తి. యంత్రాలు ఏరి, పసుపు ప్లాస్టిక్ చుట్టి వదిలిన మనిషెత్తు కట్టలు. "మామ కూడా ఇదే పండించాడు" అన్నాను. ఇక మా అమ్మాయి వదల్లేదు.

చెప్పాను. 1997లో వరంగల్ జిల్లాలో అకాల వానలు, వాటితోపాటే లద్దె పురుగు. మాది రెండెకరాలు, అన్న ఇంకో మూడెకరాలు కౌలుకు పట్టాడు. విత్తనాలు, మందులు అన్నీ ఒకే దుకాణంలో ఉద్దెర, మిత్తి నూటికి మూడు. పండిందీ ఆ షావుకారుకే అమ్మాలి. ఎన్ని మందులు కొట్టినా పురుగు చావలేదు, అన్న చనిపోయాడు. ఆ ఒక్క పంటకాలంలో రాష్ట్రంలో వందలమంది పత్తి రైతులు అలాగే ప్రాణాలు తీసుకున్నారు. ఏడాది తిరక్కుండా నాయన పోయాడు. ఆయనది నిజంగానే గుండెపోటు.

"అప్పెంత?" అంది అమ్మాయి. లక్షా ఇరవై వేలు. అప్పటి రేటు చూసి లెక్కేసింది. "మూడు వేల డాలర్ల చిల్లరా? నా పళ్ల బ్రేసెస్‌కి అంతకంటే ఎక్కువైంది కదమ్మా!" దానికి నేనేం చెప్తాను.

కొడుకు ప్రశ్న వేరు. "ఇన్సూరెన్స్ లేదా?" వాడికి అలా తోచడం సహజమే. 2022 కరువులో ఈ లబ్బక్ చుట్టుపక్కలే చాలా చేలు కోయకుండా వదిలేశారు. బీమా ఉన్నవాళ్లు నష్టపరిహారంతో గట్టెక్కారు. మా ఊళ్లో కౌలు రైతుకు బ్యాంకు అప్పే పుట్టదు, ఇక పంట బీమా ఎక్కడిది? తెలంగాణలో 2018లో, రైతు చనిపోతే ఇంటివాళ్లకు ఐదు లక్షలిచ్చే రైతుబీమా మొదలైంది కానీ, అదీ పట్టా ఉన్నవాళ్లకే.

టీనేజ్ పిల్లలు కాబట్టి ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాను. మామ పోతే అప్పు పోలేదు. దినాలు కాకముందే షావుకారు వాకిట్లో నిలబడ్డాడు. వదిన ఎకరం అమ్మింది, చాలక కూలికి పోయి ఏళ్లపాటు కట్టింది.

ఇక్కడి మనవాళ్లు "పిల్లలకు ఈ బాధలెందుకు, పండగలు నేర్పితే చాలదా" అంటారు. పండగలు మేమూ చేస్తాం, బతుకమ్మ పేరుస్తాం. కానీ సెలవుల్లో వెళ్లి బంగారం కొనుక్కొచ్చే చోటే ఇండియా అనుకుంటే, అత్తమ్మ అరచేతులు అలా ఎందుకు కాయలు కాచాయో వాళ్లకెలా తెలుస్తుంది?

కోప్పడుతుందేమోనని టెన్షన్‌ పడుతూనే వదినకు ఫోన్ చేసి, పిల్లలకు చెప్పేశానన్నాను.

"చెప్పినవా, మంచిగైంది. మావోనికి ముప్పై ఏండ్లొస్తున్నయి. ఊరంత తెలుసు, వానికీ తెలుసు. నా నోటితోని మాత్రం చెప్పలే. ఈసారి వచ్చినప్పుడు నువ్వు గూడ పక్కన కూసో, చెప్త."