రెలికాంత్ ముందా, చివరా: నా అనుభవం

మా చిన్న బాబాయి కువైట్ నుంచి వచ్చినప్పుడు నాకోసం ఒక గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్‌పి అనే వీడియోగేమ్ తెచ్చాడు. మడతపెడితే అరచేతిలో పట్టేస్తుంది. అక్కడెవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట. దాంతోపాటు ఒకే ఒక్క క్యాసెట్, పోకెమాన్ సఫైర్ అనే ఆట. అట్టపెట్టె లేదు, లోపల ఉండాల్సిన చిన్న పుస్తకమూ లేదు. ఆ పుస్తకం ఉండుంటే ఇప్పుడు నేను చెప్పబోయేది జరిగేదే కాదు.

అది 2007. నేను ఇంటర్ మొదటి సంవత్సరం. మాది కోటిపల్లి రేవుకి దగ్గర్లో చిన్న ఊరు. ఇంట్లో ఇంటర్నెట్ లేదు. ఏం కావాలన్నా పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి ముక్తేశ్వరం చేరి, అక్కడ బస్సెక్కి అమలాపురం వెళ్లాల్సిందే.

ఈ ఆట ఆడని వాళ్లకోసం ఒక్క ముక్క. హోయెన్ అనే ప్రాంతంలో రకరకాల జీవుల్ని పట్టుకుంటూ తిరగాలి. అందులో రెజిరాక్, రెజైస్, రెజిస్టీల్ అని మూడు పురాతన జీవులు మూసిన తలుపుల వెనక ఉంటాయి. ఆ తలుపులు తెరుచుకోవాలంటే సముద్రం అడుగున్న ఒక గదికి రెండు జీవుల్ని తీసుకెళ్లాలి. ఒకటి వెయిలార్డ్ అనే తిమింగలం. రెండోది రెలికాంత్.

రెలికాంత్ అంటే నాకు ఇప్పటికీ ప్రాణం. గోధుమరంగు చేప, ఒళ్లంతా బండరాయిలా గరుకు పొలుసులు. పొడవు ఒక మీటరు, బరువు 23.4 కిలోలు. పది కోట్ల ఏళ్లుగా రూపం మార్చుకోకుండా ఉందని, పళ్లు లేని నోటితో కంటికి కనిపించని జీవుల్ని తింటుందని ఆటలోనే రాసి ఉంటుంది. మిగతావి చాలామటుకు పెరిగేకొద్దీ ఇంకో రూపంలోకి మారిపోతుంటే ఇది మాత్రం అలాగే ఉంటుంది.

దొరకడం మాత్రం చాలా కష్టం. ఏడో బ్యాడ్జ్ గెలిచాక నీళ్లలో మునిగే విద్య వస్తుంది. 124, 126 నంబర్ల సముద్రపు దారుల్లో మునిగి, అడుగున నాచు గుబుర్లలో అటూ ఇటూ తిరగాలి. వందసార్లు ఏదైనా ఎదురైతే అందులో అరవై ఐదుసార్లు క్లామ్‌పర్ల్ అనే ఆల్చిప్ప, ముప్పైసార్లు చించౌ అనే దీపాల చేప. రెలికాంత్ వంతు ఐదు. పైగా నాచులో ఎంత తిరిగినా ఏదీ ఎదురవకుండా నిమిషాలు గడిచిపోతాయి. నాకు మొదటి రెలికాంత్ కనిపించేసరికి మూడు రోజులు పట్టింది. తీరా కనిపిస్తే కంగారులో గడ్డి జాతి దెబ్బ కొట్టాను. నీరు, రాయి రెండు జాతులూ కలిసిన జీవి కదా, గడ్డి దెబ్బ దానికి నాలుగింతలు తగులుతుంది. ఒక్క దెబ్బకే పడిపోయింది. పడిపోయినదాన్ని ఇక పట్టలేం. ఆ రాత్రి అన్నం సహించలేదు.

రెండోసారి బుద్ధిగా వెళ్లాను. మాస్‌డీప్ ఊళ్లో డైవ్ బాల్ అని, జీవుల్ని పట్టడానికి విసిరే బంతి ఒకటి అమ్ముతారు, ఆట డబ్బుల్లో ఒక్కోటీ వెయ్యి. నీళ్ల అడుగున అది మామూలు బంతికన్నా మూడున్నర రెట్లు పనిచేస్తుంది. ఉన్న డబ్బంతా పెట్టి ఇరవై కొన్నాను. రాతి ఒంటికి మామూలు దెబ్బలు సగమే తగులుతాయి కాబట్టి, అలాంటి దెబ్బలతోనే కొద్దికొద్దిగా దాని బలం తగ్గించాలి. మధ్యలో అది ఆవులిస్తుంది. అది ఆవులిస్తే తర్వాతి వంతుకల్లా మన జీవి నిద్రపోతుంది. నాది అలా రెండుసార్లు నిద్రపోయింది. పదకొండో బంతి మూడుసార్లు ఊగి ఆగింది. అరుగుమీద కూర్చున్న నేను పెద్దగా అరిచేసరికి వంటింట్లోంచి అమ్మ, "ఏమైందిరా, తేలు కుట్టిందా?" అంటూ పరిగెత్తుకొచ్చింది.

వెయిలార్డ్ విషయంలో పెద్ద కథేం లేదు. గాలం వేసి వెయిల్మర్‌ని పట్టి, నలభయ్యో లెవెల్ దాకా పెంచితే అదే వెయిలార్డ్ అవుతుంది. ఓపిక ఉంటే చాలు.

ఇక ఆ గది ఎక్కడుందో తెలియాలి. ఒక ఆదివారం అమలాపురం వెళ్లి నెట్ సెంటర్‌లో కూర్చుని, దారి అంతా ఉన్న నాలుగు పేజీలు ప్రింటు తీయించుకున్నాను. పసిఫిడ్‌లాగ్ అనే తేలే ఊరి నుంచి పడమటికి ఈదుతూ వెళ్లాలి. దారి పొడుగునా బలమైన ప్రవాహాలు. ఒకసారి వాటిలో పడ్డామా, అవి ఎటు తోస్తే అటే. 134వ దారిలో రాళ్ల మధ్య ముదురు నీలం మడుగు ఒకటి ఉంటుంది, అక్కడ మునగాలి. అది తప్పిందంటే కొట్టుకుపోయి స్లేట్‌పోర్ట్ ఒడ్డున తేలతాం. మళ్లీ మొదటికి రావాల్సిందే. నేను తొమ్మిదిసార్లు స్లేట్‌పోర్ట్‌లో తేలాను.

ఆ వారంలో గోదావరికి ఎర్రనీరు వచ్చింది. గౌతమి నిండుగా, సుళ్లు తిరుగుతూ పోతోంది. కాలేజీ పనిమీద పంటెక్కినప్పుడు సరంగుని గమనించాను. ఆయన నాకు మావయ్య వరస. రేవు వదలగానే అవతలి రేవుకేసి తిప్పలేదు. ముందు ఒడ్డు వెంబడే చాలా దూరం ఎగువకి నడిపించి, అప్పుడు అడ్డంగా తిప్పాడు. నది తోసుకుంటూ పోయింది, పంటు సరిగ్గా ముక్తేశ్వరం రేవుకే చేరింది.

"ఎక్కడికెళ్లాలో అటే చూస్తూ తిప్పితే కిందకి పోతాం అల్లుడూ. నీరు ఎంత తోస్తుందో లెక్కేసుకుని, దానికి ముందే పైకెళ్లిపోవాలి" అన్నాడు.

ఇంటికొచ్చి మడుగు ఎదురుగా ఉన్న వరస పట్టుకోవడం మానేశాను. తెల్ల కాగితంమీద గళ్లు గీసి, మడుగు దగ్గర్నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఏ వరసలోంచి వస్తే ఏ ప్రవాహం ఎక్కడ వదులుతుందో ఒక్కొక్కటే రాసుకున్నాను. రెండు దారుల వెనకే పైవరస ఎక్కాలని తేలింది. పదోసారి నేరుగా మడుగులోకి దిగాను.

మునిగి, ఇరుకు దారి వెంట పోయి, రాతిపలక దగ్గర పైకి తేలితే గది వచ్చింది. లోపల గోడమీద 'A' బటన్ నొక్కితే మాటలకి బదులు చుక్కలు కనిపించాయి. బ్రెయిల్ లిపి, చూపులేనివాళ్లు వేలితో తడిమి చదివేది. దాని అక్షరాల పట్టిక నాకు దొరకని ఆ చిన్న పుస్తకంలో ఉండేదట. ప్రింటులో ఉన్నట్టు మొదటి గది గోడ దగ్గర తవ్వితే తలుపు తెరుచుకుంది. లోపలి గదిలో వెయిలార్డ్‌ని జట్టులో ముందు, రెలికాంత్‌ని చివర పెట్టుకుని గోడముందు నిలబడమని రాసి ఉంది. అలాగే చేశాను. చుక్కలు కనిపించాయి, పోయాయి. ఇంకేం జరగలేదు. ఇరవైసార్లు నొక్కాను. క్యాసెట్ తీసి ఊది మళ్లీ పెట్టాను. సెకండ్ హ్యాండ్‌ది కదా, చెడిపోయిందేమోనని ఒకటే టెన్షన్. గదిలోనే సేవ్ చేసి కట్టేశాను.

రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. మూడోరోజు అనిపించింది: ప్రింటు ఎవరో రాసిందే కదా, గోడమీద అసలేముందో నేను చదవలేదు కదా, అని.

మా వీధి చివర మేష్టారు ఉండేవారు. ఆయనకి పన్నెండో ఏట చూపు పోయింది. హాస్టల్లో ఉండి బ్రెయిల్‌లో చదువుకుని, ఇంగ్లీషు మేష్టారుగా పనిచేసి రిటైరయ్యారు. వాళ్లింట్లో పెద్ద పెద్ద అట్టల పుస్తకాలుండేవి. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా వాటిగురించి ఒక్కసారీ అడగలేదు నేను.

పాత శుభలేఖ అట్ట తీసుకుని, కింద తువ్వాలు మడతపెట్టి, దబ్బనంతో చుక్కలు పొడిచాను. ముందుగా అర్థం తెలిసిన మాటే రాద్దామనుకున్నాను. మొదటి గదిలో ఉన్నది "డిగ్ హియర్", అంటే ఇక్కడ తవ్వు. ఆయన చూపుడువేలు పెట్టి వెంటనే తీసేశారు.

"ఇంత పెద్దవా? ఒక్కో అక్షరం వేలి కొనకింద ఒక్కసారే అందాలిరా. దీన్ని తడుముకుంటూ పోవాలి."

చిన్నవిగా మళ్లీ పొడిచి తెచ్చాను. ఈసారి నెమ్మదిగా చదివారు.

"ఐ, డబ్ల్యూ, ఐ, జె... జి, ఇ, ఎఫ్. ఇదేం భాష అబ్బాయ్?"

నా మొహం మాడిపోయింది. ఆయన మాత్రం అట్టని రెండువైపులా తడిమి నవ్వారు. "నువ్వు ముందువైపు పొడిచావు. గుంటలు నీవైపు, బుడిపెలు నావైపు. నేను అద్దంలో బొమ్మ చదువుతున్నాను. డి తిరగబడితే ఎఫ్ అవుతుంది, ఇ తిరగబడితే ఐ, హెచ్ అయితే జె. జి మాత్రం ఎటు తిప్పినా జి యే." అలమారలోంచి పలక, పొడిచే పుల్ల తీసి నా చేతిలో పెట్టారు. బ్రెయిల్ రాసేవాళ్లు కుడినుంచి ఎడమకి రాస్తారని, కాగితం తిప్పి ఎడమనుంచి కుడికి చదువుతారని అప్పుడే నాకు తెలిసింది. ఆరు చుక్కల గడిలో ఏ చుక్కకి ఏ నంబరో నా అరచేతిలో వేలితో గీసి చూపించారు.

ఆ సాయంత్రం కరెంటు లేదు. గేమ్‌బాయ్ వెలుగులోనే లోపలి గోడమీది చుక్కలు ఒక్కొక్కటే చూసి కాపీ చేశాను. మొత్తం ముప్పై ఐదు అక్షరాలు. నాలుగుసార్లు తప్పుపోయి నాలుగు కాగితాలు చించాను. తెల్లారి ఎనిమిదింటికల్లా మేష్టారి అరుగుమీద ఉన్నాను.

"ఎఫ్, ఐ, ఆర్, ఎస్, టి. ఫస్ట్." వేలు జరిగింది. "కమ్స్." మళ్లీ జరిగింది, ఆగింది. "ఆర్."

"మేష్టారూ, అది డబ్ల్యూ కాదాండీ? ఆర్‌ని అద్దంలో చూస్తే డబ్ల్యూయే కదండీ" అన్నాను. రాత్రంతా ఆరు చుక్కలతోనే గడిపాను, అందుకే టక్కున తట్టింది.

ఆయన మొహంలో సంతోషం నాకింకా గుర్తుంది. "భలే పట్టావే! కానీ కాగితం తిరగబడి ఉంటే ముందు మాట ఫస్ట్ అని ఎలా వచ్చింది? ఇది ఆర్ యే." వేలు ముందుకు కదిలింది. "ఇ, ఎల్, ఐ, సి, ఎ, ఎన్, టి, హెచ్. రెలికాంత్. లాస్ట్ కమ్స్... వెయిలార్డ్."

ముందు రెలికాంత్. చివర వెయిలార్డ్. నా దగ్గరున్న ప్రింటు పోకెమాన్ ఎమరాల్డ్ అనే ఇంకో ఆటదని చాలా ఏళ్లకి తెలిసింది. అందులో ఈ వరస తిరగేశారు. సఫైర్‌లోనూ, దాని జోడీ ఆట రూబీలోనూ రెలికాంతే ముందుండాలి.

నేను లేవబోతుంటే మేష్టారు కాగితం వదల్లేదు. ఆ పేరుమీదే వేలు మళ్లీ పోనిచ్చారు. "రెలిక్ అంటే పాతకాలం నుంచి మిగిలిపోయింది. ఈ చివరిది... ఒరేయ్, ఇది సీలకాంత్ చేప కాదుగదా?"

నేను చేప వర్ణన చెప్పాను. పొలుసులు, రంగు, పది కోట్ల ఏళ్లు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఆ కథ చెప్పారు. సీలకాంత్ డైనోసార్లతోపాటే అంతరించిందని, రాళ్లలో అచ్చులు తప్ప ఏమీ మిగల్లేదని అందరూ అనుకున్నారట. 1938 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ రేవులో ఒక పడవ తెచ్చిన చేపల గుట్టలో, అక్కడి మ్యూజియంలో పనిచేసే మార్జరీ కోర్టినే లాటిమర్‌కి వింత చేప ఒకటి కనిపించింది. దాని బొమ్మ గీసి స్మిత్ అనే శాస్త్రవేత్తకి ఉత్తరంలో పంపింది. ఆయన చూసి గుర్తుపట్టాడు. రెండో చేప దొరకడానికి పద్నాలుగేళ్లు పట్టింది, 1952లో, కొమొరో దీవుల దగ్గర. ఆ చేపకి శాస్త్రీయ నామం లాటిమేరియా, ఆవిడ పేరుమీదే.

"ఆవిడ ఆరోజు ఆ గుట్టని పక్కకి జరిపి చూసింది, అంతే" అన్నారు మేష్టారు.

ఇంటికి వెళ్లేదాకా ఆగలేకపోయాను. జేబులోంచి గేమ్‌బాయ్ తీసి అక్కడే రెలికాంత్‌ని జట్టులో మొదటికి, వెయిలార్డ్‌ని చివరికి మార్చి, గోడముందు 'A' నొక్కాను. తెర అదిరింది. గది మొత్తం ఊగింది. ఎక్కడో దూరంగా తలుపులు తెరుచుకున్న చప్పుడు. వాల్యూమ్ పూర్తిగా పెట్టాను, మేష్టారు తల వంచి విన్నారు. "తెరుచుకున్నాయా?" అనడిగారు. "ఆయ్, తెరుచుకున్నాయండీ" అన్నాను. నాకు గొంతు పట్టేసింది.

ఆ మూడూ పట్టడానికి ఇంకో వారం పట్టింది. ప్రతి గదిలోనూ చుక్కలే, ఈసారి నేనే చదువుకున్నాను. రెజిరాక్ దగ్గర కుడికి రెండడుగులు, కిందకి రెండడుగులు వేసి బలం చూపించాలి. రెజిస్టీల్ దగ్గర గది నడిమధ్య నిలబడి ఎగరాలి. రెజైస్ గదిలో ఏ బటనూ ముట్టుకోకుండా రెండు నిమిషాలు ఊరికే ఉండాలి. ఆ రెండు నిమిషాలే నాకు అన్నిటికన్నా కష్టమయ్యాయి.

అన్నీ అయ్యాక మేష్టారికి ఏదైనా ఇవ్వాలనిపించింది. తెరమీద రెలికాంత్ బొమ్మ పెట్టుకుని, ఇంకో శుభలేఖ అట్టకి వెనకవైపు నుంచి దాని రూపం దబ్బనంతో పొడిచాను. ఈసారి ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి. పొలుసుల దగ్గర చుక్కలు దట్టంగా, రెక్కల దగ్గర పలచగా. తీసుకెళ్లి ఆయన ఒళ్లో పెట్టాను.

తోకనుంచి మొదలుపెట్టి రెండు చేతులతో నెమ్మదిగా తడిమారు. పొలుసులమీద చాలాసేపు ఆగారు. వేలు నోటి దగ్గరకొచ్చి, అంచు వెంట రెండుసార్లు తిరిగింది.

"పళ్లు పెట్టడం మర్చిపోయావురా."

"దానికి పళ్లుండవండీ."

"ఓహో" అని, మళ్లీ తోకనుంచి మొదలుపెట్టారు.