ఊరు చూపించే పని పిల్లలకిస్తే

ఇండియా నుంచి ఎవరైనా వస్తున్నారంటే మనం ముందుగా చేసే పని, చూపించాల్సిన వాటి లిస్టు రాసుకోవడం. టికెట్లు మనమే కొంటాం, కారు మనమే నడుపుతాం, విశేషాలన్నీ మనమే చెబుతాం. పిల్లలు వెనక సీట్లో కిటికీకి ఆనుకుని కూర్చుంటారు. ఇంటికొచ్చాక మాత్రం వాళ్లని పిలిచి నిలబెడతాం. "ఆంటీకి ఒక పద్యం చెప్పమ్మా, నేర్చుకున్న డాన్స్ చూపించమ్మా" అంటాం. వచ్చినవాళ్లు కూడా ప్రేమగానే అడుగుతారు, "తెలుగొచ్చా నీకు?" అని. ఆ క్షణంలో పిల్లల మొహాలు చూడండి. పరీక్ష హాల్లో కూర్చున్నట్టే ఉంటాయి.

ఈసారి మా ఇంట్లో అలా జరగనివ్వలేదు. నా చిన్ననాటి స్నేహితురాలు డిసెంబరు సెలవుల్లో వచ్చినప్పుడు ఊరు చూపించే పని పూర్తిగా పిల్లలకే అప్పజెప్పాం. ఎక్కడికి వెళ్లాలో, ఏ పూట వెళ్లాలో వాళ్లే చెప్పారు. కారు నడపడం, పెరుగన్నం డబ్బాలు సర్దడం మా వంతు.

మేముండేది ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ ఉత్తర తీరంలో ఉన్న టౌన్స్‌విల్‌లో. బ్రిస్బేన్ నుంచి విమానంలో రెండు గంటలు. ఎండ, ఉక్కపోత, వీధి వీధికీ మామిడి చెట్లు, వానాకాలం, తుపాన్లు అన్నీ మనకు అలవాటైనవే. బాబుకి పదకొండేళ్లు, పాపకి ఏడు, ఇద్దరూ ఇక్కడే పుట్టారు. నేనూ నా స్నేహితురాలూ దివిసీమ వాళ్లం, అవనిగడ్డలో ఒకే బడిలో చదువుకున్నాం. వాళ్లమ్మాయి బ్రిస్బేన్‌లో చదువుతోంది. అమ్మాయిని చూసుకుని, అక్కడి నుంచి మా దగ్గరికొచ్చింది.

దివిసీమలో పుట్టినవాళ్లు సముద్రాన్ని సరదాగా చూడరు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన వేల మందిని తీసుకుపోయింది. మేం ఆ తర్వాత పుట్టినవాళ్లమే, అయినా దాని నీడలోనే పెరిగాం. సముద్రం దగ్గరికి వెళ్లడమంటే ఏడాదికొకసారి మాఘ పౌర్ణమికి, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర. అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని మూడు మునకలు వేయించేది. నాలుగో మునక ఉండదు.

అలాంటి మనిషిని మా వాడు మొదట తీసుకెళ్లింది స్ట్రాండ్ బీచ్‌కే. ఊరి ముందు సముద్రం పక్కనే రెండు కిలోమీటర్లకు పైగా ఉండే నడక దారి అది. మర్రి చెట్ల నీడ, పిల్లలు ఉచితంగా ఆడుకునే వాటర్ పార్కు, బటన్ నొక్కితే వేడెక్కే బార్బెక్యూ పెనాలు అన్నీ అక్కడే ఉంటాయి. ఇవేవీ చూడనివ్వకుండా వాడు తనని నేరుగా ఇసుక అంచున ఉన్న ఒక స్తంభం దగ్గరికి లాక్కెళ్లాడు. దానికి తగిలించిన సీసాలో వెనిగర్ ఉంది.

"పిన్నీ, నవంబరు నుంచి మే దాకా నీళ్లలో కట్టిన ఈ నెట్ లోపలే దిగాలి. బయట బాక్స్ జెల్లీఫిష్ ఉంటాయి. నీళ్లలో అవి కనపడవు."

"కుడితే?"

"కుట్టిన చోట ముప్పై సెకన్లయినా ఈ వెనిగర్ పొయ్యాలి. రుద్దకూడదు. నొప్పి తగ్గదు, కానీ ఒంటికి అంటుకున్న దాని పోగులు ఇంకా విషం వదలకుండా ఉంటాయి. ట్రిపుల్ జీరోకి, అదే ఇక్కడి ఎమర్జెన్సీ నంబరుకి, ఫోన్ చెయ్యాలి. ఊపిరి ఆగితే ఛాతీ నొక్కి సీపీఆర్ చెయ్యాలి."

ఇదంతా వాడు తెలుగులో చెప్పాడు. మాట దొరకని చోట ఆగాడు, తను అందించింది, వాడు అందుకుని ముందుకెళ్లాడు. ఆదివారం ఆన్‌లైన్ క్లాసులో వీడు ఒక వాక్యం పూర్తి చెయ్యడానికి నేను పక్కన కూర్చుని ఎంత బతిమాలతానో నాకు తెలుసు. ఇక్కడ ఎవరూ బతిమాలలేదు. వాడికి తెలిసిన విషయం, ఎదుటి మనిషికి తెలియనిది, తెలియకపోతే ప్రమాదమైనది. అలాంటప్పుడు భాష దానంతటదే కదిలి వస్తుంది.

పాప నా స్టింగర్ సూట్ తెచ్చి ఇచ్చింది. మెడ నుంచి మడమల దాకా కప్పే పల్చటి బట్ట అది. నా స్నేహితురాలు దాన్ని తొడుక్కుని నీళ్ల అంచున చాలాసేపు నిలబడింది. ఎక్కడ దిగితే క్షేమమో చూపించే ఎరుపు పసుపు జెండాలు ఎందుకు పాతారో, పసుపు చొక్కాల లైఫ్‌గార్డులు ఏం చూస్తుంటారో మా వాడు చెబుతూనే ఉన్నాడు. తర్వాత వంగి, దోసిట్లో నీళ్లు తీసుకుని తల మీద చల్లుకుని దణ్ణం పెట్టుకుంది. పాప కూడా పక్కన నిలబడి అలాగే చేసింది. "సముద్రుడికి చెప్పకుండా లోపలికి దిగకూడదమ్మా" అని పాపకి చెప్పింది. ఆ రోజు నుంచి పాప దణ్ణం పెట్టకుండా దిగడం లేదు. జెండాలు చూసుకోవడం, వలలోపలే ఉండడం, దణ్ణం పెట్టుకోవడం మూడూ ఆ పిల్లకి ఇప్పుడు ఒకే వరసలో ఉన్నాయి. నాకు ఇది ఎంతో నచ్చింది.

నడుం లోతు దాకా దిగింది తను. అంతకంటే ముందుకి వెళ్లలేదు, ఎవరం బలవంతపెట్టలేదు. స్ట్రాండ్ చివర సముద్రపు నీళ్లతోనే నింపే రాక్ పూల్ ఉంది. మర్నాటి నుంచి అందులోకే వెళ్దామంది.

సాయంత్రం కాజిల్ హిల్ ఎక్కించారు. ఊరి మధ్యలో నిలువుగా లేచిన గులాబీ రంగు గ్రానైట్ కొండ, ఎత్తు 286 మీటర్లు. పైనుంచి ఊరంతా, ఎదురుగా మాగ్నెటిక్ ఐలండ్ కనపడతాయి. కృష్ణా జిల్లా మనిషి కొండెక్కి కింద నేల చూస్తే ఏమడుగుతుంది? "ఇక్కడ ఎకరం ఎంత?" అని అడిగింది. రేటు నేను చెప్పబోయాను. మా వాడు మాత్రం, ఈ నేల ముందు నుంచీ ఇక్కడున్న బిందాల్, వుల్గురుకబా తెగల వాళ్లది, మా స్కూల్లో అసెంబ్లీ మొదలుపెట్టేటప్పుడు ముందు వాళ్ల పేర్లే చెప్తాం అన్నాడు. ఎడ్డీ మాబో సంగతి కూడా చెప్పాడు. టోరెస్ జలసంధిలోని మెర్ దీవి నుంచి వచ్చి ఈ ఊళ్లోనే జేమ్స్ కుక్ యూనివర్సిటీలో తోటమాలిగా పనిచేసిన మనిషి ఆయన. తాతల నాటి నుంచి మాకున్న నేల మాదే అని కోర్టుకెక్కాడు. 1992 జూన్ 3న హైకోర్టు, అంటే ఈ దేశంలో అన్నిటికంటే పై కోర్టు, ఆ దీవి జనం పక్షాన తీర్పు ఇచ్చే నాటికి ఆయన లేడు, కొన్ని నెలల ముందే చనిపోయాడు. ఇప్పుడు ఆ యూనివర్సిటీ లైబ్రరీకి ఆయన పేరే. తను శ్రద్ధగా విన్నది. "పట్టా లేకుండా గెలిచాడా?" అని రెండుసార్లు అడిగింది. లంక భూముల తగాదాలు చూసిన కుటుంబం వాళ్లది.

ఐలండ్ సంగతి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే అక్కడ అందరూ చూసేవే మేమూ చూశాం. ఫెర్రీలో ఇరవై నిమిషాల పైన పడుతుంది. 1770లో కెప్టెన్ కుక్ తన ఓడలోని దిక్సూచి ఇక్కడ తేడాగా తిరిగిందనుకుని ఆ పేరు పెట్టాడు. యూకలిప్టస్ కొమ్మల్లో కోలాలు పడుకుని ఉన్నాయి. జెఫ్రీ బే దగ్గర బండల మీద చిన్న కంగారూల్లాంటి వాలబీలు పాప చేతి దూరానికి వచ్చాయి.

నా స్నేహితురాలికి బాగా నచ్చింది మాత్రం స్ట్రాండ్ జెట్టీ పక్కన నీళ్లలో నిలబెట్టిన అమ్మాయి విగ్రహం. 2019లో పెట్టారు. దూరాన గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడాల దిబ్బల్లో కొలిచే నీటి వేడిని బట్టి, రాత్రిపూట ఆ విగ్రహం రంగు నీలం నుంచి ఎరుపు దాకా మారేలా చేశారు. సముద్రం వేడెక్కితే పగడాలు తెల్లబడి చచ్చిపోతాయని, అందుకే ఎరుపు అంటే మంచిది కాదని పాప వివరించింది. "అంటే సముద్రానికి జ్వరం చూసే అమ్మాయన్నమాట" అంది తను. పాప ఇప్పుడు ఆ విగ్రహాన్ని జ్వరం అక్క అంటోంది.

ఆ రాత్రి కర్ల్యూ పక్షులు అరిచాయి. పొడుగు కాళ్ల పక్షులు, అర్ధరాత్రి వీధుల్లో తిరుగుతూ ఆడమనిషి ఏడ్చినట్టే అరుస్తాయి. తను హడలిపోయి లేచి కూర్చుంది. పాప వెళ్లి పక్కన పడుకుని, అవి పక్షులే పిన్నీ, ఏం కాదు అని చెప్పిందట. నిద్రపోయింది మాత్రం పిన్నే చెప్పిన కథ వింటూ.

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది మర్నాటి సంగతి. వాన పట్టుకుంది, బయటికి వెళ్లే వీల్లేదు. ఇంట్లో చూపించడానికి ఏముందని మేం అనుకుంటుంటే మా వాడు అల్మరాలోంచి తుపాను డబ్బా తీసుకొచ్చాడు. ఇక్కడ ప్రతి ఇంట్లో ఉండాల్సిన డబ్బా అది. టార్చి, బ్యాటరీతో నడిచే రేడియో, మందులు, టిన్నుల్లో తిండి, కాగితాలు వేసుకోవడానికి నీళ్లు దూరని కవరు. నవంబరు రాగానే బ్యాటరీలు మార్చి, టిన్నుల మీద తేదీలు చూసే బాధ్యత వాడిదే. తర్వాత మ్యాపు తీశాడు. ఉప్పెన వస్తే ఏ వీధి ఎంతవరకు మునుగుతుందో కౌన్సిల్ వాళ్లు ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో వేసిన మ్యాపు. మా ఇల్లు పసుపులో ఉంది. ఎరుపు వాళ్లు ముందు ఖాళీ చెయ్యాలి.

తను మ్యాపుని చాలాసేపు చూసింది. వాడు మామూలుగానే అడిగాడు, "పిన్నీ, మీ ఇల్లు ఏ రంగు?"

"మాది ఊరంతా ఎరుపే నాన్నా."

అప్పుడు చెప్పింది. ఉప్పెన నాటికి వాళ్లమ్మకి పదిహేనేళ్లు. చీకటి పడే వేళకి గాలి పెరిగింది. మట్టి గోడల పూరిల్లు. ఊళ్లో ఉన్న ఒక్క డాబా మీదికి పిల్లల్నీ ఆడవాళ్లనీ ఎక్కించారు. తాతయ్య కూడా సగం మెట్లెక్కాడట. గొడ్లు పలుపులతో కట్టేసి ఉన్నాయి, విప్పి వస్తానని మళ్లీ దిగాడు. నీళ్లు అప్పుడే వచ్చాయి. తెల్లారాక ఊరు ఊరంతా చదునైపోయింది. బావుల్లో నీళ్లు ఉప్పగా మారిపోయాయి. కొన్నేళ్ల పాటు ఆ పొలాల్లో సరిగ్గా పంట లేదు.

ఈ కథ నేను చిన్నప్పుడు వాళ్ల ఇంట్లో విన్నదే. కానీ పిల్లల ముందు ఆ మాటలు నేను చెబితే వాటికి ఆ బరువు ఉండదు. ఆ తాతయ్య మనవరాలు మా హాల్లో కూర్చుని చెప్పింది కాబట్టి ఉంది. మా వాడు కళ్లార్పకుండా విన్నాడు.

"రేడియోలో చెప్పలేదా?"

"రేడియో ఉన్న ఇల్లు ఊరికి ఒకటో రెండో నాన్నా. అంత నీళ్లొస్తాయని ఎవరూ అనుకోలేదు."

మావారు అప్పుడొక సంగతి చెప్పారు. 1971 క్రిస్మస్ ముందు రోజు ఆల్థియా తుపాను ఈ ఊరిని దెబ్బకొట్టింది, 1974 క్రిస్మస్ నాడు ట్రేసీ తుపాను డార్విన్‌ని నేలమట్టం చేసింది. ఇళ్లు గాలికి ఎలా నిలుస్తాయో పరీక్షించే కేంద్రాన్ని ఆ తర్వాత ఇక్కడి యూనివర్సిటీలో 1977లో మొదలుపెట్టారు. మా ఇంటి పైకప్పుని గోడలతో కలిపి నేలదాకా బిగించింది అలాంటి అనుభవాల వల్లే. 2011లో యాసి తుపాను వచ్చినప్పుడు మేమిద్దరం రాత్రంతా బాత్రూంలో కూర్చున్నాం, ఇల్లు కదల్లేదు. "1977 అంటే మాకు ఉప్పెన వచ్చిన ఏడే" అంది తను. దివిసీమలో కూడా ఆ తర్వాత తుపాను షెల్టర్లు కట్టారు, ఇప్పుడు ముందుగానే ఊళ్లు ఖాళీ చేయిస్తున్నారని కూడా చెప్పింది. మా వాడికి అది వినాల్సిన మాట.

సాయంత్రం చూస్తే తుపాను డబ్బాలో కొత్త వస్తువులు చేరాయి. మా కుక్క గొలుసు ఇంకొకటి, దాని తిండి ప్యాకెట్, ఒక గిన్నె. మూత మీద మార్కర్‌తో రాశాడు, కుక్కని ముందే విప్పి కార్లో ఎక్కించాలి అని. తెలుగులోనే రాశాడు, ఒత్తులు కొన్ని తప్పాయి. ఎవరం సరిదిద్దలేదు.

వాళ్ల పిన్నితో ఫోన్లో మాటలు ఇప్పుడు వాడే మాట్లాడుకుంటున్నాడు. వచ్చే డిసెంబరులో దివిసీమ వెళ్దామని ఇద్దరూ నిర్ణయించేశారు. మాఘ పౌర్ణమి నాటికి ఇక్కడ స్కూళ్లు తెరిచేస్తారు కాబట్టి తిరణాల కుదరదు. డిసెంబరులో వెళితే చలికాలం, కోతలు అయిపోయే రోజులు. ఈసారి ఊరు చూపించేది తను. హంసలదీవి దగ్గర నది నీళ్లు ఎక్కడ ఆగి సముద్రం నీళ్లు ఎక్కడ మొదలవుతాయో చూపిస్తానంది, ఆ డాబా ఉన్న చోటికి కూడా తీసుకెళ్తానంది. అక్కడ జెండాలు పాతరా అని మా వాడు అడిగాడు. పాతరంది. అయితే మోకాళ్ల దాకానే దిగుదాం పిన్నీ, చెల్లి చెయ్యి నేను పట్టుకుంటాను అన్నాడు.