మూతి బాబాయిది, గొంతు ఇంకెవరిదో

ఒడిశాలో మా కోరాపుట్ వైపు కుర్రాళ్ళు కొందరు మా బాబాయి కొట్లో ఒక ఒడియా సినిమా తీశారు, తెలుగు షావుకారి వేషం బాబాయిదే. ఫ్రిజ్ ఆపించి నా పాలు విరగ్గొట్టిన ఆ షూటింగ్ గురించి అప్పట్లో గోల పెట్టాను కూడా. ఆ సినిమా ఇవాళ సాయంత్రం యూట్యూబ్‌లో పెట్టారు. బాబాయి ఉన్నాడు. బాగా ఉన్నాడు కూడా. కొట్లో గల్లా ముందు కూర్చున్నాడు, వెనకాల కాలజీర బియ్యం బస్తాలు, పక్కన ఇత్తడి తక్కెడ. ఆ తక్కెడని అటక మీంచి దింపి చింతపండు పెట్టి తోమింది పిన్ని. రోజూ వాడే ఎలక్ట్రానిక్ కాటాని మాత్రం కుర్రాళ్ళు తీసి లోపల దాచేశారు, పాతకాలం షావుకారికి అది ఉండకూడదుట. కళ్ళజోడు ముక్కు కొసకి దింపుకుని, వేలు తడి చేసుకుంటూ చిట్టా పుస్తకం పేజీలు తిప్పుతాడు. అంతవరకూ ముచ్చటేసింది. తర్వాత నోరు తెరిచాడు.

గొంతు బాబాయిది కాదు.

ఎవడో కుర్రాడు గొంతు బొంగురు చేసుకుని మాట్లాడుతున్నాడు. ఒడియాయే, కానీ ప్రతి మాట చివరా ఒక సాగదీత, మధ్యమధ్యలో ఒక "అయ్యో రామా". తెలుగువాడు ఒడియా మాట్లాడితే ఇలా ఉంటుంది అని వెక్కిరించడానికి చేసే యాస అది. కాలేజీలో మమ్మల్ని ఏడిపించేవాళ్ళు చూడండి, అచ్చం అదే. అసలు తెలుగువాణ్ణే తెచ్చి గల్లా ముందు కూర్చోబెట్టి, ఆయన గొంతు పీకేసి, దొంగ తెలుగు యాస అతికించారు!

బాబాయి ఒడియా గురించి నేను చెప్పాలా? పుట్టింది జయపురంలో, చదివింది ఒడియా బడిలో. బ్యాంకు మేనేజరుతో కటక్ వాళ్ళ ఒడియా, సంత రోజున కొండ ఊళ్ళ నుంచి వచ్చే వాళ్ళతో ఇక్కడి ఒడియా యాస దేశియా, పిన్నితో మన తెలుగు. ఏ భాషలో ఉంటే ఆ భాష మనిషే. ఒక భాష ఇంకో భాషలోకి కారదు.

ఈయనకి చూపిస్తే "పోనీలే, నలుగురూ చూస్తున్నారు కదా" అన్నారు. ఈయనకి అన్నీ పోనీలేలే.

నేను పోనీలే అనలేకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఆ రోజు వాళ్ళు చేసిన హడావుడి అంతా సౌండ్ కోసమే! కెమెరా కోసం అయితే ఊరుకునేదాన్ని. ముందు కొట్లో కూల్ డ్రింకుల ఫ్రిజ్ ఆపమన్నారు, "హమ్" వస్తోందని. తర్వాత గోడకి అవతల ఉన్న మా ఫ్రిజ్. తర్వాత ఫ్యాన్లు. ఎండాకాలంలో, రేకుల కింద. కుక్కర్ రెండో విజిల్ దగ్గర ఉండగా దింపించారు, పప్పు సగం ఉడికి సగం ఉడకక ఆ రోజు అత్తయ్య ముఖం చూడాలి. పక్కింటి బోరు మోటారు ఆపడానికి నన్నే రాయబారం పంపారు. ఒక కుర్రాడికి పనల్లా వీధి చివర నిలబడి బైకులు హారన్ కొట్టకుండా చూడడం. చొక్కా లోపల అగ్గిపెట్టె కన్నా చిన్న కాలర్ మైక్ పెట్టి, అది బయటికి కనిపించకుండా ప్లాస్టర్ వేస్తుంటే బాబాయి గుండె ఆపరేషన్ పేషెంటులా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. "సైలెన్స్" అన్నప్పుడల్లా నేను నా ఇంట్లో నేను దగ్గకూడదు. ఇంత చేసి, రికార్డు చేసుకున్నదంతా పైలట్ ట్రాక్ అయిందట. అంటే డబ్బింగ్ చెప్పేవాడు వింటూ చెప్పుకోవడానికి పనికొచ్చే ముక్క. ఆ మాత్రం దానికి ఫోన్‌లో రికార్డు చేసుకున్నా సరిపోయేది, నా పాలూ నిలిచేవి.

బాబాయి గొంతు అంటే నాకు వినాయక చవితే. నిమజ్జనం ముందు రాత్రి వీధిలో వీసీఆర్ పెట్టేవాళ్ళు కదా, ఆ రోజులు. మెయిన్ రోడ్డు కొట్లోంచి రిక్షాలో తెచ్చేవాళ్ళు, టీవీని పరుపులో చుట్టి, వీసీఆర్‌ని బాబాయి ఒళ్ళో పెట్టుకుని. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. రాత్రికి మూడు క్యాసెట్లు. పెద్దవాళ్ళ కోసం ముందు ఎన్టీఆర్ పౌరాణికం, తర్వాత చిరంజీవి, మూడోది ఏదో ఒక హిందీ, దాని టైముకి చాపల మీద సగంమంది నిద్రపోయి ఉండేవారు. బొమ్మ మీద గీతలు పడితే సరికొత్త నోటు ఒకటి కావాలి, హెడ్డు తుడవడానికి. ఆ నోటు ఎవరిస్తారు అని పది నిమిషాలు వాదన.

వీధిలో సగం ఇళ్ళు ఒడియా వాళ్ళవి. సంతకి వచ్చి, బస్సు తప్పి, అరుగుల మీద పడుకున్న కొండవాళ్ళు కూడా లేచి వచ్చేవాళ్ళు. పౌరాణికం తెలుగు మనకే సగం అర్థం కాదు, వాళ్ళకేం అర్థమవుతుంది? అందుకని టీవీ పక్కన స్టూలు వేసుకుని బాబాయి కూర్చునేవాడు. తెర మీద మాట అయిన మరుక్షణం ఒడియాలో ఆ మాట. దుర్యోధనుడికి ఒక గొంతు, కృష్ణుడికి ఒక గొంతు. ద్రౌపదికి మాత్రం ఆడగొంతు పెట్టేవాడు కాదు, తల కాస్త వంచుకుని తన గొంతుతోనే మెల్లిగా చెప్పేవాడు. ఇప్పుడు తలుచుకుంటే అది ఎంత మర్యాదో అనిపిస్తుంది. పద్యం మొదలైతే చెయ్యెత్తేవాడు, అందరూ ఆగాలి. రాగం అంతా అయ్యాక ఒక్క ముక్కలో అర్థం: "యుద్ధం తప్పదంటున్నాడు." ఎంత పెద్ద పద్యమైనా, ఎవరు పాడినా అదే అర్థం. జనం పగలబడి నవ్వేవాళ్ళు. పద్యం మొదలవగానే పిల్లలం మేమే ముందు అనేసేవాళ్ళం.

ఒకసారి మధ్యలో కరెంటు పోయింది. (మాచ్‌ఖండ్ పవర్ హౌస్ మనకి ఇంత దగ్గర్లో పెట్టుకుని, 1955 నుంచి రెండు రాష్ట్రాలకి పంచుకుంటూ, మన వీధికి వచ్చేసరికి చీకటి. అది ఇంకో టపా.) బాబాయి ఆగలేదు. చీకట్లో కథ నడిపించేశాడు. రథం కుంగింది, కర్ణుడు దిగాడు, బాణం తగిలింది, అయిపోయింది. ఒకరిద్దరు ముక్కులు చీదారు. అంతలో కరెంటు వచ్చింది, ప్లే నొక్కితే కర్ణుడు నిక్షేపంలా నిలబడి మాట్లాడుతున్నాడు. ఎదురింటి ఒడియా ముసలావిడ టీవీని వదిలేసి బాబాయిని నిలదీసింది, "నువ్వు చంపేశావు కదా, వీడెందుకు బతికాడు?" అని. దానికి బాబాయి ఏం చెప్పాడో గుర్తు లేదు. ఆవిడ మళ్ళీ కూర్చుని, కర్ణుడు రెండోసారి చచ్చేదాకా ఏడవకుండా చూసింది.

అందుకే ఒళ్ళు మండి డైరెక్టర్ కుర్రాడికి ఫోన్ చేశాను. దులిపేద్దామనే చేశాను. వాడు "నమస్కార అపా" (అక్కా) అని ఎంత సంబరంగా ఎత్తాడో! వాళ్ళది ఇదివరకు దేశియా ఆల్బమ్ పాటల టీమ్. మన కోరాపుట్ వైపు ఇప్పుడు ఆల్బమ్ టీమ్ లేని వీధి లేదు. దేవమాలి మీద ఒక డ్రోన్ షాట్, కొలాబ్ డ్యామ్ మీద ఒకటి, దుడుమ జలపాతం ముందు గింబల్‌తో గుండ్రంగా ఒకటి, పాట అయిపోయింది. వీళ్ళు దాన్నించి బయటపడి కథ తీద్దామనుకున్నారు, మెచ్చుకోవాలి. 2022లో 'దమన్' అనే ఒడియా సినిమా వచ్చినప్పుడు వీళ్ళంతా ఇంటరో డిగ్రీయో. మల్కన్‌గిరి కటాఫ్ ఏరియాలో మలేరియాతో కుస్తీ పట్టే కుర్ర డాక్టర్ కథ, ఒడిశా అంతా చూసింది, తర్వాత హిందీలోకీ వెళ్ళింది. బలిమెల రిజర్వాయర్ అవతల, 2018లో గురుప్రియ వంతెన పడేదాకా పడవ తప్ప దిక్కులేని ఊళ్ళు అవి. మన పక్క ఊళ్ళే సినిమా అవుతాయా అని అప్పుడే తట్టిందట వాడికి. నేను అరవడానికి చేసిన ఫోన్‌లో వాడి జీవిత చరిత్ర విన్నాను.

గొంతు సంగతి అడిగాను. ఎంత ఆపినా రాయ్‌పూర్ నుంచి విజయనగరం పోయే లారీలు ఆగలేదుట, ఎన్‌హెచ్ 26 కొట్టుకి ఎంత దూరం మరి! సగం టేకుల్లో ఎయిర్ హారన్. మిగతా సగంలో చొక్కా మైక్‌కి రాసుకుని గరగర. డబ్బింగ్ చెప్పిద్దామంటే బాబాయి కంటి ఆపరేషన్‌కి విశాఖపట్నంలో ఉన్నాడు, కాంపిటీషన్‌కి పంపే గడువు దగ్గర పడింది. చివరికి కెమెరా పట్టుకున్న కుర్రాడే గదిలో దుప్పటి కప్పుకుని చెప్పేశాడట. దుప్పటి ఎందుకంటే గోడలకి తగిలి గొంతు మోగకుండా.

ఇది విన్నాక చల్లబడ్డాను. నిజమే కదా, గొంతు మార్చడం కొత్తేముంది? రాజశేఖర్‌కి సాయికుమార్ గొంతు పెడితే చొక్కాలు చించుకుని ఈలలు వేసింది మనమే. తెలుగు రాని హీరోయిన్లందరికీ ఇంకెవరో చెప్పాల్సిందే. ఒడియా సినిమాలు అయితే చాలాకాలం రికార్డింగుకీ ల్యాబుకీ కలకత్తాకో మద్రాసుకో పరిగెత్తాయి. భువనేశ్వర్‌లో కళింగ స్టూడియో రావడానికి మన ఎల్వీ ప్రసాద్ గారి సంస్థే చెయ్యి వేసింది. బాబాయి అయితే 1936 అంటాడు: కోరాపుట్ మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసిందీ ఆ ఏడే, మొదటి ఒడియా టాకీ 'సీతా బిబాహ' వచ్చిందీ ఆ ఏడే. ఇంటికి ఎవరొచ్చినా టీ చల్లారేలోపు ఈ ముక్క చెప్పకుండా వదలడు. ఇంత పాత వ్యవహారంలో ఒక దుప్పటి, ఒక కుర్రాడు ఎంత? పెట్టేద్దామనుకున్నాను ఫోన్.

అప్పుడన్నాడు వాడు. "లారీలు లేని టేకు ఒకటి బాగానే వచ్చింది అపా. కానీ మౌసా (బాబాయి) ఒడియాలో తెలుగు వినిపించట్లేదు. చూసేవాళ్ళకి ఈయన తెలుగు షావుకారు అని తెలియాలి కదా?"

వాడు ఏ దురుద్దేశంతోనూ అనలేదు. అదే నన్ను ఇప్పటిదాకా నిద్రపోనివ్వట్లేదు. వడ్డీలకి పొలాలు రాయించుకునే షావుకారు తెలుగువాడే ఎందుకవ్వాలి అని కథ విన్న రోజే నేను పిన్నితో అన్నాను. బాబాయి "విలన్ లేకపోతే సినిమా ఏముంది" అని కొట్టిపారేశాడు, నేనూ వదిలేశాను. లెక్కలు రాసుకుని అప్పులు ఇచ్చిన షావుకార్లలో మనవాళ్ళు లేరా అంటే ఉన్నారు, కొండ ఊళ్ళలో అడిగితే పేర్లతో సహా చెబుతారు. దాంతో నాకు పేచీ లేదు. కానీ నిజం మనిషి నిజం గొంతు సరిపోలేదుట! తెలుగువాడిలా లేడుట బాబాయి!

మళ్ళీ అనిపిస్తుంది, మనం ఏం తక్కువ తిన్నాం? మన సినిమాల్లో సేటు వస్తే "నంబల్‌కీ" అనకుండా ఒక్క మాట మాట్లాడనిచ్చామా? అంతదాకా ఎందుకు, మా అమ్మమ్మ మాట్లాడే శ్రీకాకుళం యాస సినిమాలో ఎవరి నోట వినిపిస్తుంది? వాచ్‌మన్, పనిమనిషి, కమెడియన్. కలెక్టరు ఆ యాసలో మాట్లాడగా నేను చూడలేదు. సాలూరు ఘాటు దిగితే మన మాట అక్కడ నవ్వులాట, ఘాటు ఎక్కి వస్తే ఇక్కడ నవ్వులాట. ఇది రాస్తుంటే మళ్ళీ కోపం వస్తోంది, ఎవరి మీదో మాత్రం తేలడం లేదు. కెమెరా కుర్రాడి మీద మాత్రం కాదు. వాడి ఫ్రేములు నిజంగా బాగున్నాయి. తక్కెడ పళ్ళెం మీద బియ్యం గింజలు రాలే షాట్ ఒకటుంది, దానికోసమైనా చూడండి.

బాబాయి చూసి ఉండడని, రేపు నేనే నెమ్మదిగా చెబుదామని అనుకున్నాను. ఇందాక ఆయనే ఫోన్ చేశాడు. ఆపరేషన్ అయిన కంటితో ఫోన్ ఎక్కువ చూడొద్దంటే వింటాడా! మొదటి మాట, "కాటా దాచారు గానీ గోడ మీద జీఎస్టీ సర్టిఫికెట్ అలాగే ఉంచేశారే, చూశావా?" చూడలేదు. మళ్ళీ పెట్టి చూస్తే ఉంది, లక్ష్మీదేవి పటం పక్కనే, ఫ్రేము కట్టించి మరీ.

"గొంతు?" అన్నాను.

"ఆ కుర్రాడు బాగానే కష్టపడ్డాడే. పెదాలు కలవలేదు అంతే. 'దేబి నాహిఁ' (ఇవ్వను) దగ్గర నేను నోరు తెరవకముందే వాడు అనేశాడు. డబ్బింగ్‌లో తొందర పనికిరాదు. ఆదివారం కొట్టుకి రమ్మన్నాను, ఎలా చెప్పాలో చూపిస్తాను."

"ఆ వెక్కిరింపు యాస నీకు చిరాకనిపించలేదా బాబాయి?"

"అది కూడా సరిగ్గా పట్టలేదు వాడు. తెలుగువాడు సాగదీసేది మాట చివర కాదు, మధ్యలో. అదీ నేర్పుతాను."

నేర్పుతాడట! ఎవడి గొంతు తీసేశారో ఆయనే కూర్చోబెట్టి మరీ నేర్పుతాడట! పొద్దున్నే పిన్నికి ఫోన్ చేసి చెప్పాలి, ఆదివారం వాళ్ళు వస్తే టీ కూడా ఇవ్వొద్దని. ఇస్తుందిలెండి. ఉప్మా చేసి, జీడిపప్పు కూడా వేస్తుంది.