మళ్లీ దొరికిన తోకచుక్క

నిన్న సాయంత్రం విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణం ముందు అలవాటు కొద్దీ ఆగినప్పుడు, పోటీ పరీక్షల గైడ్ల దొంతర కింద, ఎవరో చందమామ పేజీలను నెలనెలా విడదీసి దారంతో కుట్టుకున్న ‘తోకచుక్క’ కనిపించింది. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో మొదలుపెట్టిన ఆ ధారావాహికను మా తాతగారు కూడా అలాగే కుట్టి దాచారు. ఆ ప్రతి 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌లోని మా ఇంట్లోకి వచ్చినప్పుడు నాని, ముద్దయిపోయింది.

దుకాణదారు నూట యాభై అన్నాడు. మామూలుగా గీసిగీసి బేరమాడే నేను మారుమాట లేకుండా ఇచ్చేశాను. రాత్రి పొద్దుపోయేదాకా చదివాను. మాంత్రికులైన ఒంటికన్ను ఏకాక్షికీ, నాలుగు కళ్ల చతుర్నేత్రుడికీ నడుమ చిక్కుకున్న కథానాయకుడు సమరసేనుడిని ప్రతి భాగం చివరా ఏదో ఒక గండంలో వదిలేసి, నెల రోజులు ఆగమనడం ఎంత నిర్దయో ఇప్పుడు వరసగా చదువుతుంటే తెలిసింది. వర్ణనల కోసం ఎక్కడా ఆగని ఆ చిన్న చిన్న వాక్యాల వేగం, నా దృష్టిలో, నేటి లావుపాటి ఫాంటసీ నవలల్లో అరుదు. చిత్రా గారి బొమ్మల మీద మాత్రం ఎవరో పిల్లవాడు నీలం సిరాతో మాంత్రికులిద్దరికీ మీసాలు దిద్దాడు. చివరి నాలుగు పేజీలు లేవు.