మూడు రాత్రులు మింగిన నాలుగు బైట్లు

దొరికింది! శుక్రవారం నుంచి సతాయిస్తున్న నానోస్లీప్ (ప్రోగ్రామ్‌ని కాసేపు నిద్రపుచ్చమని కెర్నల్‌ని అడిగే సిస్టమ్ కాల్) బగ్ ఇవాళ తెల్లవారుజామున దొరికింది. మర్చిపోకముందే రాసి పెడుతున్నా.

పోయిన వారం నేను సొంతంగా రాసుకుంటున్న 32 బిట్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) టైమ్_టీని, అంటే సమయాన్ని సెకన్లలో దాచే టైప్‌ని, 64 బిట్‌కి మార్చాను. క్యూఎమూ ఎమ్యులేటర్ గడియారాన్ని 2038 జనవరి 19కి తిప్పితే, మన టైమ్ ఉదయం 8:44:07 దాటి 8:44:08 అయింది. 32 బిట్ లెక్క నిండిపోయే ఆ క్షణంలో 1901కి పడిపోలేదు. ఆ పని ఒక్క పూటలో తేలిపోయింది.

తర్వాత చిన్న టెస్ట్ రాశాను: అర సెకను నిద్ర, పదిసార్లు లూప్. మొదటిసారి బుద్ధిగా పడుకుంది. మిగతా తొమ్మిదిసార్లూ నిద్రే లేదు, పిలవగానే "ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్". కెర్నల్ లాగ్‌లో టీవీ_ఎన్‌సెక్ (నిద్ర సమయంలో నానోసెకన్ల భాగం) విలువ పదిసార్లూ 500000000. అది 999999999 దాటకపోతే చాలు కదా, మరి ఎందుకు తిప్పికొడుతోంది?

ముందు టైమర్ మీద అనుమానం. టైమర్ చిప్‌కి ఇచ్చిన డివైజర్ 11932, అంటే సుమారు 100 హెర్ట్జ్, సెకనుకి 100 టిక్కులు. మొదటి నిద్రలో టిక్కులు లెక్కపెడితే సరిగ్గా 50. తర్వాత సిస్టమ్ కాల్‌లో రిజిస్టర్ ఏదైనా చెడుతోందేమోనని డిసాసెంబ్లీ అంతా చదివాను. శనివారం దానికే పోయింది, అక్కడ తప్పేమీ లేదు.

నిన్న రాత్రి తట్టింది: నా కెర్నల్ ప్రింట్ ఫంక్షన్ కింది 32 బిట్లే చూపిస్తోంది! 64 బిట్లూ చూపించమంటే వరసగా 500000000, 4794967296, 9089934592 వచ్చాయి. ప్రతిసారీ పెరుగుతున్నది 4294967296, అంటే 2 పవర్ 32. పై సగంలో 0, 1, 2... అది నా లూప్ కౌంటర్!

సీ11, పాజిక్స్ ప్రమాణాలు రెండూ టీవీ_ఎన్‌సెక్‌ని లాంగ్ అంటాయి. 32 బిట్‌లో లాంగ్ అంటే 4 బైట్లు. ఐ386లో (32 బిట్ ఇంటెల్) స్ట్రక్చర్ లోపలి లాంగ్ లాంగ్‌కి (8 బైట్ల సంఖ్య) 4 బైట్ల అలైన్‌మెంట్, అంటే 4తో భాగించే అడ్రస్, చాలు కాబట్టి యూజర్ వైపు టైమ్‌స్పెక్ (సెకన్లు, నానోసెకన్లు ఉండే స్ట్రక్చర్) మొత్తం 12 బైట్లే. కెర్నల్ వైపు నేను రెండు ఫీల్డులూ 64 బిట్ పెట్టాను, 16 బైట్లు. ఆప్టిమైజేషన్ లేని బిల్డ్‌లో స్టాక్ మీద ఆ 12 బైట్ల పక్కనే కౌంటర్ కూర్చుంది, కెర్నల్ దాన్నీ కలిపి చదివేసింది. ఆర్మ్‌లో లాంగ్ లాంగ్‌కి 8 బైట్ల అలైన్‌మెంట్ కాబట్టి ఇదే హెడర్ 16 చూపించింది. అక్కడే సైజు చూసుకుని ధీమాగా ఉన్నాను. క్లాంగ్ కంపైలర్ ఇచ్చే పాడింగ్ (ఫీల్డుల మధ్య, చివర చేరే ఖాళీ బైట్లు) వార్నింగ్ కూడా నోరెత్తలేదు. ఐ386లో పాడింగే లేకపోతే ఏమని చెబుతుంది?

క్లాక్_గెట్‌టైమ్ (ఇప్పటి టైమ్ అడిగే కాల్) పెట్టిన ఇంకో లూప్ ఎప్పటికీ ఆగకపోవడానికీ కారణం ఇదే. కెర్నల్ 16 బైట్లు రాసేసి పక్కనున్న కౌంటర్‌ని ప్రతిసారీ సున్నా చేస్తోంది.

హెడర్‌లో 32 బిట్ల పేరులేని పాడింగ్ పెట్టాను, మజల్ అనే సీ లైబ్రరీ చేసినట్టే. ఆ పాడింగ్‌లో చెత్త ఉన్నా ఇబ్బంది రాకుండా, 32 బిట్ ప్రాసెస్ నుంచి వస్తే పై సగాన్ని కెర్నల్ కొట్టేస్తుంది. లినక్స్ చేసేదీ అదే. పదికి పది పాస్.

మజల్ 1.2.0లో అందరినీ ఒకేసారి 64 బిట్‌కి మార్చేసిన పద్ధతే నాకు నచ్చుతుంది. పాత బైనరీలకోసం జీలిబ్‌సీ (ఇంకో సీ లైబ్రరీ) ఐ386లో 32 బిట్‌నే డిఫాల్ట్‌గా ఉంచి, 64 కావాలంటే మాక్రో పెట్టుకోమంటుంది. కొత్త కెర్నల్‌కి ఆ బరువెందుకు?

ఇక స్టాట్ స్ట్రక్చర్ (ఫైల్ వివరాలు ఉండేది) వంతు. ఫైల్ మారిన సమయం చెప్పే ఎస్‌టీ_ఎమ్‌టిమ్, దాని ఇద్దరు అన్నదమ్ములు టైమ్‌స్పెక్‌లే, అంటే అక్కడ ఈ తేడా మూడింతలు. ఈసారి సైజు, ఆఫ్‌సెట్ అసర్ట్‌లు రెండు ఆర్కిటెక్చర్లకీ ముందే రాస్తాను. ఆపైన ఎక్స్‌ట్2 ఫైల్ సిస్టమ్ ఐనోడ్‌లోని (డిస్క్ మీద ఫైల్ వివరాలు దాచే చోటు) 32 బిట్ టైమ్‌లు ఉన్నాయి, డిస్క్ మీద ఫార్మాట్ కాబట్టి హెడర్ మార్చినంత తేలిక కాదు. ఎక్స్‌ట్4 లాగా 256 బైట్ల ఐనోడ్ తీసుకుందామని ఉంది.