దర్జు మీద దర్జు

ఆదివారం, రాత్రి పది గంటలు.

ఉదయం నుంచి ముసురు పట్టి మహబూబ్‌నగర్‌లో ఎండ పొడ కూడా కనిపించలేదు. నా నమూనా రైలుదారిలోని రాతి మోరీ కోసం నిన్న పోసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పలక ఇంకా చెమ్మగానే ఉండిపోవడం నాకు కలిసివచ్చింది. గట్టిపడి కూడా లోపలి తడి ఆరని దశలో ప్లాస్టరు మీద గీత నున్నగా దిగుతుంది. పూర్తిగా ఎండితే అంచులు పెచ్చులుగా లేచిపోతాయి. అందుకే చాయ్ తాగిన వెంటనే, గోనెసంచులు కుట్టే దబ్బనం తీసుకుని మేడ మీది గదిలో కూర్చున్నాను.

సికింద్రాబాదు నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా ద్రోణాచలం వెళ్లే మార్గం మీటర్ గేజిగా ఉన్న కాలాన్ని బల్ల మీద నిలపాలని ఏడాదిగా నా ప్రయత్నం. ఒకటికి 87వ వంతు కొలతలో పట్టాల మధ్య మీటరు దూరం 11.5 మిల్లీమీటర్లవుతుంది కాబట్టి, 12 మిల్లీమీటర్ల నమూనా పట్టాలు దానికి చక్కగా సరిపోతాయి. ఇప్పటి బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. అదే కొలతలో దానికి 19 మిల్లీమీటర్లకు పైగా కావాలి, కానీ ఈ కొలతకు సాధారణంగా దొరికే పట్టాలు 16.5 మిల్లీమీటర్లవే. అయితే పాత కాలాన్ని ఎంచుకోవడానికి లెక్కొక్కటే కారణం కాదు. చిన్నతనంలో అమ్మ ఒడిలో కూర్చుని ఆ చిన్న రైలు కిటికీలోంచి చూసిన రాతి మోరీలు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉన్నాయి.

రాళ్లకు కరువు లేని పాలమూరులో ప్లాస్టరుతో రాళ్లు చేయడమేమిటని ఇంట్లో అడుగుతారు. మొదట్లో నేనూ కోయిలకొండ దారిలో ఏరుకొచ్చిన గ్రానైటు ముక్కలతోనే ఒక గోడ కట్టాను. ఆ రాయిలో అయిదు మిల్లీమీటర్ల పలుకు సామాన్యం. నమూనా పక్కన నిలబెట్టిన మనిషి ఎత్తు 19 మిల్లీమీటర్లు. అతని లెక్కలో ఆ పలుకు మూరెడు పొడవు దాకా ఉన్నట్టు! రాయి నిజమైనదే అయినా గోడ మాత్రం గోడలా కనిపించలేదు. సన్నని పలుకున్న షాబాదు బండ పెచ్చులు ప్లాట్‌ఫారం అంచుకు బాగా పనికివచ్చాయి, మిగిలినదంతా ప్లాస్టరే.

మధ్యాహ్నానికి మొదటి కమాను వైపు గోడ గీయడం పూర్తయింది. ఒక్కో రాయి అయిదు మిల్లీమీటర్ల పొడవు, మూడున్నర మిల్లీమీటర్ల ఎత్తు. అన్నీ సమానంగా వచ్చాయని సంతోషిస్తున్న సమయంలో మా వీధి పెద్దమేస్త్రి వచ్చారు. వయసంతా రాతి కట్టుబడిలోనే గడిపిన మనిషి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఆనకట్ట పనికి తమ తండ్రి వెళ్లిన సంగతి ఎన్నిసార్లయినా చెబుతారు. 124 మీటర్ల ఆ రాతి కట్టడాన్ని నా కొలతలో చేస్తే నా భుజాల ఎత్తుకు వస్తుందని ఒకసారి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

కళ్లద్దాలు సవరించుకుని పలకను కిటికీ వెలుగుకు ఎత్తి చూశారు.

“సారూ, పని సన్నగ చేసినవు గని, దర్జు మీద దర్జు వచ్చింది. గిట్ల కడితే రెండు వానలకే గోడ నెర్రె వాస్తది. పైరాయి ఎప్పుడూ కింది రెండు రాళ్ల నెత్తిన కూసోవాలె.”

దర్జు అంటే రెండు రాళ్లు కలిసే చోటి సందు. నా గోడలో పై వరుస సందు సరిగ్గా కింది వరుస సందు మీదే పడింది.

“ఇది బరువు మోసేది కాదు కదా, తాతా?”

“మోయకపోతే మానె. మోస్తదన్నట్టు కనబడాలె గద.”

ఇన్నాళ్లూ నేను రాయి ముఖాన్నే చూశానని, దాని కింద ఏముందో చూడలేదని అప్పుడు తెలిసింది. ఆయన చెబుతూ ఉంటే కాగితం మీద రాసుకున్నాను. మూలల్లో పెద్ద రాళ్లు పెట్టి, ఒక వరుసలో పొడవు ఇటు, పై వరుసలో అటు వచ్చేటట్టు మార్చి మార్చి కట్టాలి. కమాను రాళ్లు పైకి వెడల్పుగా, కిందికి సన్నగా ఉండాలి. వాటి లెక్క బేసి కావాలి, అప్పుడే ఒక రాయి సరిగ్గా నడినెత్తిన కూర్చుంటుంది. నేను గీసినవి పది. నడినెత్తిన రాయికి బదులు దర్జు వచ్చింది!

పాత గీతలను పలుచని ప్లాస్టరుతో పూడ్చి, గట్టిపడేవరకు ఆగి, మళ్లీ మొదటి నుంచి గీశాను. ఈసారి కమానుకు పదకొండు రాళ్లు. రాళ్ల పొడవులు కావాలనే మార్చాను. రెండు చోట్ల వరుస కాస్త వంకర పోయినా సరిచేయలేదు. సాయంత్రం ఒక మూలలో నల్లరంగును బాగా పలుచన చేసి కుంచెతో వదిలి చూస్తే, అది సన్నని గీతల్లోకి తనంతట తానే పాకి, రాయికీ రాయికీ మధ్య నీడ పడింది. పలక పూర్తిగా ఆరాక, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో రాళ్ల అంచులకు తెలుపు తాకించాలి.

రేపు సాయంత్రం మళ్లీ వస్తానని మేస్త్రి చెప్పి వెళ్లారు. రెండో కమాను పలకను తడిగుడ్డలో చుట్టి పక్కన పెట్టాను. మొదటి గీత ఆయన చేతనే గీయించాలని ఉంది.