జీబ్రాలు గడ్డి మేసే చప్పుడు

సఫారీ అంటే జీపు పైకప్పులోంచి తల బయటపెట్టి చూడడమే అనుకునేదాన్ని. నైరోబీలో ఉండే మా తమ్ముడేమో "అక్కా, ఈసారి సైకిల్ తొక్కుదువుగానీ" అన్నాడు. నేను సైకిలెక్కి ఇరవై ఏళ్లు దాటింది, ముందురోజు రాత్రి టెన్షన్‌తో సరిగ్గా నిద్రే పట్టలేదు.

హెల్స్ గేట్ నేషనల్ పార్కు నైరోబీ నుంచి సుమారు 90 కిలోమీటర్లు. విస్తీర్ణం 68 చదరపు కిలోమీటర్లే, కెన్యా లెక్కన చిన్నది. సింహాల బెడద దాదాపు లేదు కాబట్టి సైకిల్ మీదా కాలినడకనా తిరగనిస్తారు. గేటు దగ్గర అద్దెకిచ్చిన సైకిల్‌కి వెనక బ్రేకు పడట్లేదు, మా గైడ్ తొక్కి చూసి వెంటనే వేరేది ఇప్పించాడు. మీరు వెళ్తే బ్రేకులూ గేర్లూ అక్కడే చూసుకోండి, లోపల బాగుచేసేవాళ్లు ఉండరు.

లోపలికెళ్లిన కాసేపటికే 25 మీటర్ల నిట్టనిలువు రాయి, ఫిషర్స్ టవర్. అది దాటాక రోడ్డు పక్కనే జీబ్రాల మంద. గైడ్ "పోలే పోలే" అన్నాడు, స్వాహిలీలో మెల్లగా అని. కాళ్లు కింద పెట్టి ఆగాం. అప్పుడు వినిపించింది, అవి గడ్డిని పళ్లతో పట్టి తెంపుతున్న పరపర చప్పుడు, మధ్యలో ఒకటి తోక విసిరిన చప్పుడు, అంతే. జీపులో ఉంటే ఇంజన్ మోతలో ఇది వినపడేదా? నా భయం ఎటుపోయిందో తెలీదు. జీబ్రాని వాళ్లు పుండా మిలియా అంటారట, అంటే చారల గాడిద. మనకేమో చారల గుర్రం!

దూరంగా బఫెలోలు కనిపించేసరికి గైడ్ మొహం మారింది, మాట్లాడకుండా చెయ్యి చూపించి మమ్మల్ని చుట్టు తిప్పి తీసుకెళ్లాడు. మబ్బు పట్టిందని పార్కులో ఉన్న లోయలోకీ దిగనివ్వలేదు. 2019లో అక్కడ హఠాత్తుగా వరదొచ్చి ఏడుగురు చనిపోయారు, అందుకే మేమూ పట్టుబట్టలేదు.

మధ్యాహ్నం నైవాషా సరస్సులో పడవ. నీటిమట్టం పెరగడంతో ఒడ్డున ఉన్న తుమ్మచెట్లు నీళ్లలోనే నిలబడి ఎండిపోయాయి, కొమ్మల నిండా నీటికాకులు. పడవతను ఈల వేసి చేప విసిరితే చేపల గద్ద రివ్వున వచ్చి తన్నుకుపోయింది. ఫొటోలు బాగా వచ్చాయి కానీ, అది తనంతట తాను వేటాడుతుంటే చూడాలనిపించింది నాకు.

హిప్పోలు కనబడగానే దూరంగానే ఇంజన్ ఆపేశాడు. నీళ్ల మీద చెవులూ కళ్లూ మాత్రమే కనిపిస్తున్నాయి. ఒక్కసారిగా ఒకటి బుస్సుమని గాలి వదిలింది, తమ్ముడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "పోలే పోలే" అన్నాను వాడితో.